మిస్, మిసెస్, ఎమ్మెస్: ఉత్తరంలో ఎవరి పేరు ముందు ఏది రాయాలి?

అమ్మా, మీ ప్రశ్న చదివాను. నర్సాపురంలో లేసు ఎగుమతి చేసే ఆఫీసులో కొత్తగా చేరారు. సరుకు వివరాలు అడుగుతూ ఇంగ్లండ్ నుంచి ఒకావిడ మెయిల్ పెట్టారు. కింద పేరు, ఇంటిపేరు తప్ప ఇంకేమీ లేదు. మిస్ అనాలో మిసెస్ అనాలో తెలియక ఎమ్మెస్ అని రాయబోతే, పక్క సీటు పెద్దాయన "అది విడాకులు తీసుకున్నవాళ్లకి రాసేది, ఆవిడకి కోపం వస్తుంది" అన్నారు. దాంతో మీకు టెన్షన్ పట్టుకుంది. పైగా మాఘమాసంలో మీ పెళ్లి. ఆ తర్వాత మీ పేరు ముందు ఏం రాసుకోవాలన్నది రెండో ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను: ఎమ్మెస్ అని రాసి, పక్కన ఆవిడ ఇంటిపేరు రాయండి. ఎమ్మెస్‌కి విడాకులతో ఏ సంబంధమూ లేదు. పెళ్లయినవాళ్లు, కానివాళ్లు, భర్త పోయినవాళ్లు, విడిపోయినవాళ్లు, ఎవరికైనా చెల్లుతుంది. రాయడం ఇంగ్లీషులో ఎమ్, ఎస్ అన్న రెండు అక్షరాలే, పలకడం మాత్రం "మిజ్" అని. ఆవిడ తిరుగు మెయిల్లో సంతకం దగ్గర మిసెస్ అనో డాక్టర్ అనో రాసుకుంటే, అప్పటినుంచి అదే రాయండి. ఇక మీ సంగతి. పెళ్లయిన మర్నాటి నుంచి మిసెస్ అని రాసుకుని తీరాలన్న రూలు ఎక్కడా లేదు. అది పూర్తిగా మీ ఇష్టం.

నేను 1986లో పాలకొల్లులో టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టాను. పొద్దున పూట పిల్లలు లోయర్, హయ్యర్ పరీక్షలకి ప్రాక్టీసు చేసేవాళ్లు. మధ్యాహ్నం లేసు వ్యాపారులు, కొబ్బరి పీచు వ్యాపారులు ఫారిన్ ఉత్తరాలు కొట్టించుకోవడానికి వచ్చేవాళ్లు. కంప్యూటర్లొచ్చాక మిషన్లు తీసేసి పాస్‌పోర్టు, వీసా ఫారాలు, టికెట్లు మొదలుపెట్టాను. ఇన్నేళ్లలో ఈ నాలుగు చిన్న మాటల దగ్గర ఎంతమంది తడబడ్డారో చూశాను. నేనూ ఒకసారి తప్పు చేశాను. ముందు అదే చెబుతాను.

మొదటి ఏడాదే. ఒక లేసు వ్యాపారి ఇంగ్లండ్ ఉత్తరానికి జవాబు కొట్టించడానికి వచ్చారు. ఆయన తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో కొట్టేదాన్ని. "ఆవిడ వయసులో పెద్దావిడమ్మా, మిసెస్ అని కొట్టు" అన్నారు. కొట్టాను. నెల తిరక్కుండా జవాబొచ్చింది. ఉత్తరమంతా టైపు చేసి ఉంది. టేబుల్ క్లాతులు ఎన్ని డజన్లు, ఏ సైజు, ఎప్పటికి పంపాలి, అన్నీ. అడుగున మాత్రం నీలం సిరాతో చేత్తో రాసిన ఒక్క వాక్యం: తనని మిస్ అనాలి, మిసెస్ కాదు. మిస్ అన్న మాట కింద గీత గీశారు. తిట్టలేదు, ఆర్డరు ఆపలేదు. కానీ ఆ గీత చూశాక నాకు చాలాసేపు మనసు మనసులో లేదు. వయసును బట్టి పెళ్లిని ఊహించేశాం. మన దగ్గర పెద్దావిడ అంటే పెళ్లయిన ఆవిడే అనుకుంటాం కదా! ఆవిడ జీవితం గురించి మాకు ఒక్క ముక్క తెలియదు. తెలియని సంగతిని ఉత్తరం మొదటి లైనులో తెలిసినట్టు రాశాం.

ఎమ్మెస్ పుట్టింది సరిగ్గా ఈ ఇబ్బంది లోంచే.

అసలు మిస్, మిసెస్, ఎమ్మెస్ మూడూ ఒక్క మాటకి పొట్టి రూపాలు. ఆ మాట "మిస్ట్రెస్". మిస్టర్ అన్నది "మాస్టర్" నుంచి వచ్చింది. ఒకప్పుడు మిస్ట్రెస్ అంటే ఇంటి యజమానురాలు, పదిమంది చేత పని చేయించే ఆవిడ. 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో మిసెస్ అనడానికి పెళ్లితో పని లేదు, హోదా ఉంటే చాలు. పెద్ద ఇళ్లలో వంటశాలని చూసుకునే ఆవిడ పెళ్లి కాకపోయినా మిసెస్ అనే పిలిపించుకునేది. రానురాను మిస్ అంటే పెళ్లికానిది, మిసెస్ అంటే పెళ్లయినది అని గట్టిపడిపోయింది. మగవాళ్లకి మాత్రం మిస్టర్ ఒక్కటే. పెళ్లైందా లేదా అని ఎవరూ అడగరు. (మిస్ట్రెస్ అన్న మాటకి ఇప్పుడు ఇంగ్లీషులో వేరే చెడ్డ అర్థం ఉంది. హెడ్‌మిస్ట్రెస్ లాంటి ఉద్యోగం పేర్లలో తప్ప ఉత్తరాల్లో ఎక్కడా వాడకండి.)

1901లో అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో ఒక పత్రిక ఈ సంగతి ఎత్తింది. పెళ్లైందో లేదో తెలియని ఆడవాళ్లని ఏమని పిలిచినా తప్పయ్యే ప్రమాదం ఉంది కాబట్టి ఎమ్మెస్ అని వాడదాం అని రాసింది. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1961లో న్యూయార్క్‌లో షీలా మైకేల్స్ అనే ఆవిడ, తన గదిలో ఉండే అమ్మాయికి పోస్టులో వచ్చిన పత్రిక మీద చిరునామా చీటీ చూశారు. పేరు ముందు ఎమ్మెస్ అని ఉంది. మొదట టైపు తప్పనుకున్నారట. తర్వాత, తండ్రి పేరుతోనో భర్త పేరుతోనో ముడిపడకుండా ఆడమనిషికి సొంతంగా ఉండే మాట ఇదేనని పట్టుకుని ప్రచారం చేశారు. 1972లో ఆడవాళ్ల హక్కుల కోసం పోరాడిన గ్లోరియా స్టైనమ్, ఆవిడ తోటివాళ్లు ఎమ్మెస్ అన్న పేరుతోనే పత్రిక నడపడం మొదలుపెట్టారు. న్యూయార్క్ టైమ్స్ పేపరు ఒప్పుకుని వాడింది 1986లో. నేను ఇన్‌స్టిట్యూట్ తెరిచిన ఏడాదే! నేను పాలకొల్లులో మిసెస్ అని కొట్టి తప్పు చేస్తున్న రోజుల్లోనే అక్కడ ఆ మాట స్థిరపడుతోంది.

మరి విడాకుల మాట ఎక్కడినుంచి వచ్చింది? ఒకటి నేను గమనించాను. విడిపోయిన ఆడవాళ్లు మిసెస్ వదిలేసి ఎమ్మెస్ రాసుకోవడం చూసి, అది వాళ్లకోసమే పుట్టిందని మనవాళ్లు అనుకున్నారు. మీ పెద్దాయన ఒక్కరే కాదు, మా దగ్గరికి వచ్చే లెక్చరర్లు కూడా ఇదే మాట చెప్పేవాళ్లు. ఆయన్ని తప్పుపట్టకుండా మెల్లిగా చెప్పండి.

నేను టైపు నేర్పిన అమ్మాయిలకి ఒకటి చెప్పేదాన్ని. ఎమ్మెస్ అంటే మన "గారు" లాంటిది. సుబ్బారావు గారు, సీతమ్మ గారు. ఆడా మగా తేడా లేదు, పెళ్లి ఊసు లేదు, మర్యాద మాత్రం ఉంది. ఇంగ్లీషులో అంత హాయైన మాట లేదు, అందుకే తంటాలు. మనకీ శ్రీమతి, కుమారి అని రెండున్నాయి, శుభలేఖల్లో చి.ల.సౌ. కూడా ఉంది. కానీ ఎదురుగా మనిషిని పలకరించేటప్పుడు "గారు" మాత్రమే నోటికొస్తుంది. ఇంగ్లీషు ఉత్తరంలో ఆడవాళ్ల వరకు ఆ పని ఎమ్మెస్ చేస్తుంది.

ఒక్క తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి. మన "గారు" పేరు వెనక వస్తుంది. మిస్టర్, మిసెస్, ఎమ్మెస్ ఇంటిపేరు ముందు వస్తాయి. అవతలి మనిషి ఎమిలీ క్లార్క్ అనుకోండి. "డియర్ ఎమ్మెస్ క్లార్క్" సరైనది. "డియర్ ఎమ్మెస్ ఎమిలీ" అనకూడదు. "డియర్ మిస్టర్ జాన్" అని మనవాళ్లు రాసే మెయిళ్లు నేను లెక్కలేనన్ని దిద్దాను. ఉత్త పేరు రాయాలనుకుంటే "డియర్ ఎమిలీ" అని రాయండి, అది కూడా ఆవిడ ముందు మీకు అలా రాశాకే.

ఇదే చిక్కు అటునుంచీ ఉంది. వాళ్లు మన పేర్లో చివరి మాటే ఇంటిపేరు అనుకుంటారు. మీ సంతకంలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుండి, చివర లక్ష్మి అని ఉంటే "డియర్ మిస్టర్ లక్ష్మి" అని కూడా రావచ్చు. వాళ్లకి లక్ష్మి ఆడపేరని తెలియదు. భీమవరంలో ఒక రొయ్యల ఎగుమతి ఆఫీసుకి "డియర్ మిస్టర్ రాజు" అని మెయిల్ వస్తే, అది ఎవరికో తేల్చలేక రెండు రోజులు ఊరికే ఉండిపోయారు. ఆ ఆఫీసులో నలుగురు రాజుగార్లున్నారు మరి. అందుకని మెయిల్ కింద పూర్తి పేరు విడదీసి రాసి, పక్కన బ్రాకెట్లో ఎమ్మెస్ అని పెట్టండి. మన గురించి మనం పేరు ముందు మిస్టర్, మిసెస్ తగిలించుకుని "ఐ యామ్ మిస్టర్ ఫలానా" అనడం వాళ్లకి ఎబ్బెట్టుగా ఉంటుంది. బ్రాకెట్లో పెడితే అది అవతలివాళ్ల సౌకర్యం కోసం రాసినట్టు అర్థమవుతుంది.

అవతలివాళ్లు ఆడో మగో కూడా తెలియకపోతే? ఇటలీలో ఆండ్రియా మగపేరు. హాలండ్‌లో జె, ఎ, ఎన్ అని రాసి "యాన్" అని పలికేది మగపేరే. రాబిన్ ఎవరైనా కావచ్చు. అప్పుడు బిరుదు వదిలేసి "డియర్ రాబిన్ క్లార్క్" అని పూర్తి పేరు రాయండి, తప్పులేదు. ఆడ, మగ అని చెప్పుకోవడం ఇష్టం లేనివాళ్లకి ఎమ్ఎక్స్ అని ఒకటి ఉంది, "మిక్స్" అని పలుకుతారు. 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కింది. వాళ్లంతట వాళ్లు రాసుకుంటేనే మీరూ రాయండి.

ఇంకో గందరగోళం మన బ్యాంకు కాగితాల వల్ల వచ్చింది. వ్యాపార సంస్థల పేర్ల ముందు ఎమ్, గీత, ఎస్ అని ఉంటుంది చూడండి, అది "మెసర్స్". ఫ్రెంచి నుంచి వచ్చింది, మిస్టర్‌కి బహువచనం, కంపెనీలకి రాసేది. ఆ గీత ఉన్నది ఆడవాళ్ల పేరు ముందు ఎప్పుడూ పెట్టకండి. ఒకసారి ఒక అమ్మాయి ఉద్యోగం దరఖాస్తులో తన పేరు ముందే అలా కొట్టుకొచ్చింది. చదివేవాళ్లకి ఆ అమ్మాయి ఒక షాపు అనిపిస్తుంది.

ఈ మాటల పక్కన చుక్క పెట్టాలా అని కూడా అడుగుతారు. బ్రిటిషు పద్ధతిలో చుక్క ఉండదు, అమెరికా పద్ధతిలో ఉంటుంది. మీ ఆవిడది ఇంగ్లండ్ కాబట్టి వద్దు.

"సర్" గురించి మీరు అడగలేదు గానీ, గోదావరి వాళ్లకి చెప్పకుండా ఉండలేను. రెండు వేరు వేరు "సర్"లున్నాయి. ఉత్తరంలో "డియర్ సర్" అనేది మగవాళ్లు ఎవరికైనా రాసే మర్యాద మాట. రాజుగారో రాణిగారో ఇచ్చిన నైట్‌హుడ్ అనే బిరుదు వల్ల వచ్చే సర్ వేరు, అది ఇంటిపేరుకి కాదు, పేరుకి అంటుకుంటుంది. మన కాటన్ దొరనే చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది, 1861లో ఆయనకి ఆ గౌరవం ఇచ్చారు. అప్పటినుంచి ఆయన "సర్ ఆర్థర్ కాటన్", పొట్టిగా "సర్ ఆర్థర్". "సర్ కాటన్" అనడం తప్పు. బ్యారేజీ పేరులో కూడా సర్ ఆర్థర్ కాటన్ అనే ఉంటుంది. అదే ఆయన భార్య అయితే "లేడీ కాటన్", అంటే భార్యకి వచ్చేసరికి భర్త ఇంటిపేరు. ఆయన కూతురు ఎలిజబెత్ పెళ్లాడింది అడ్మిరల్ సర్ జేమ్స్ హోప్‌ని, అందుకని లేడీ హోప్ అయింది. 1900లో తండ్రి జీవితచరిత్ర వచ్చింది కూడా ఆ పేరు మీదే. అప్పటికి మొదటి భర్త పోయి, డెన్నీ అనే ఆయన్ని మళ్లీ పెళ్లి చేసుకుని ఏడేళ్లయింది. అయినా లేడీ హోప్ అన్న పిలుపు మాత్రం వదల్లేదు. నూరేళ్ల కిందట కూడా తన పిలుపు తను ఎంచుకున్న ఆడవాళ్లు ఉన్నారని చెప్పడానికి నాకు ఆవిడ గుర్తొస్తుంది.

మనకి స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం 18వ అధికరణం ఇలాంటి బిరుదులు తీసేసింది. మిస్టర్, మిసెస్, శ్రీ, శ్రీమతి లాంటి మర్యాద మాటలకీ దానికీ సంబంధం లేదు.

డాక్టర్ విషయం క్లుప్తంగా. వైద్యులకీ పీహెచ్‌డీ వాళ్లకీ డాక్టర్. పక్కన మళ్లీ మిస్టర్ గానీ మిసెస్ గానీ తగిలించరు. ఒక్క విచిత్రం ఉంది: ఇంగ్లండ్‌లో ఆపరేషన్లు చేసే సర్జన్‌ని మిస్టర్ అంటారు, ఆడవాళ్లైతే మిస్ అనో ఎమ్మెస్ అనో అంటారు. పూర్వం అక్కడ సర్జన్లు మంగలి పనివాళ్లతో కలిసి ఒకే సంఘంగా ఉండేవాళ్లు, యూనివర్సిటీ డిగ్రీ ఉండేది కాదు. ఆ పాత పిలుపునే ఇప్పుడు గర్వంగా నిలుపుకున్నారు. అమలాపురం నుంచి వెళ్లిన ఒక కుర్ర సర్జన్‌కి అక్కడినుంచి మిస్టర్ అని ఉత్తరం వస్తే, వాళ్ల నాన్నగారు డిగ్రీ చెల్లలేదేమోనని కంగారుపడి నా దగ్గరికి పట్టుకొచ్చారు. అది హోదా పెరిగినట్టే అని చెబితే గానీ ఆయన కుర్చీలో వెనక్కి వాలలేదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకి వస్తాను. పెళ్లి తర్వాత మిసెస్ రాసుకోవచ్చు, ఎమ్మెస్ ఉంచుకోవచ్చు. ఇంటిపేరు మార్చుకున్నా మార్చుకోకపోయినా ఎమ్మెస్ సరిపోతుంది. పుట్టింటి ఇంటిపేరే ఉంచుకుంటే మిసెస్ కంటే అదే నయం, ఎందుకంటే మిసెస్ పక్కన భర్త ఇంటిపేరు ఉంటుందని వాళ్ల పాత అలవాటు.

అయితే విమానం టికెట్ దగ్గర జాగ్రత్త. మన పాస్‌పోర్టులో పేరు ముందు ఏ బిరుదూ అచ్చువేయరు. టికెట్ బుక్ చేసేటప్పుడు మాత్రం మిస్టర్, మిసెస్, ఎమ్మెస్, మిస్‌లలో ఒకటి ఎంచుకోమంటుంది. ఎంచుకున్నది చాలాసార్లు పేరు చివర ఖాళీ లేకుండా అతుక్కుని వస్తుంది. రాజోలు నుంచి కువైట్ వెళ్లే ఒకమ్మాయి టికెట్ పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. పేరు కుమారి, టికెట్ మీద ఇంగ్లీషులో "కుమారిమిసెస్" అని ఒకే మాటగా ఉంది. పేరు తప్పు పడింది, ఎయిర్‌పోర్టులో ఆపేస్తారని కళ్లనీళ్లు పెట్టుకుంది. అది తప్పు కాదు, కంప్యూటర్ అలాగే అచ్చేస్తుంది. పేరూ ఇంటిపేరూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయా అన్నదే చూసుకోవాలి. మీరు పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నా, పాస్‌పోర్టు మారేదాకా టికెట్ పాత పేరుతోనే తీసుకోండి.

ఇంకొక్కటి చెప్పాలి. కూతురి పురుటికి ఇంగ్లండ్ వెళ్తున్న ఒక పెద్దావిడకి టికెట్ తీస్తున్నాను. మిసెస్ మీద నొక్కబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. "ఆయన పోయి ఆరేళ్లయిందమ్మా, ఇంకా మిసెస్ ఏంటి? ఎవరన్నా ఏమన్నా అంటారేమో" అన్నారు. మన పాత ఉత్తరాల్లో భర్త పోయిన ఆడవాళ్ల పేరు ముందు శ్రీమతి తీసేసి "గంగాభాగీరథీ సమానురాలైన" అని రాసేవాళ్లు. ఆవిడ మనసులో అదుంది. ఇంగ్లీషులో అలా మార్చరని, భర్త పోయినా మిసెస్ మిసెస్సేనని, వద్దనుకుంటే ఎమ్మెస్ అని పెట్టుకోవచ్చని చెప్పాను. కాసేపు ఆలోచించారు. "అయితే ఆయన పేరు తియ్యక్కర్లేదన్నమాట" అన్నారు. అవునన్నాను. "మిసెస్సే కొట్టమ్మా" అన్నారు. ఆవిడకి ఎమ్మెస్ గొప్పతనం చెప్పబోవడం నా పని కాదు. ఎవరి పేరు ముందు ఏముండాలో వాళ్లే చెప్పాలి.

మీ మెయిల్ ఇలా రాయండి. మొదట "డియర్ ఎమ్మెస్", ఆవిడ ఇంటిపేరు, కామా. పేరు పెట్టి రాశారు కాబట్టి చివర "యువర్స్ సిన్సియర్లీ". పేరు తెలియక "డియర్ సర్ ఆర్ మేడమ్" అని మొదలుపెట్టినప్పుడే "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ". మనం స్కూల్లో నేర్చుకున్న "రెస్పెక్టెడ్ మేడమ్" వాళ్ల దగ్గర వాడుకలో లేదు, తీసేయండి. పంపేముందు ఆవిడ ఇంటిపేరు స్పెల్లింగ్ ఆవిడ సంతకంతో అక్షరం అక్షరం పోల్చి చూడండి. క్లార్క్‌కి చివర ఇ ఉండేవాళ్లూ ఉన్నారు, లేనివాళ్లూ ఉన్నారు.